పేర్లు వంద, పట్లు అయిదు

నగరంలో ఏ స్పాలోకి అడుగుపెట్టినా గోడ మీద ఒక పట్టిక ఉంటుంది. స్వీడిష్, థాయ్, బాలినీస్, డీప్ టిష్యూ, అరోమా, హాట్ స్టోన్, అభ్యంగ, ఫుట్ రిఫ్లెక్సాలజీ. ఎదురుగా నిమిషాలు, రూపాయలు. వీటిలో కొన్ని దేశాల పేర్లు, కొన్ని నూనెలకు సంబంధించినవి, ఒకటి రాయిది. చేతులు అసలేం చేస్తాయో చెప్పే పేరు ఆ పట్టికలో వెతికినా దొరకదు.

మర్దన గురించి సంప్రదాయాలు చెప్పినదీ, గత నలభై ఏళ్లలో పరిశోధకులు పరీక్షించినదీ పక్కపక్కన పెట్టి చదివితే నాకు తేలింది ఇదీ: చేతి పనులు అయిదు, మహా అయితే ఏడు. ప్రతి దేశమూ వాటినే తన పద్ధతిలో కలుపుకుంది. తేడా అంతా ఎంత బలం, ఎంత వేగం, ఎవరి ఒళ్లు అన్న మూడింటిలోనే ఉంది. మర్దనతో హాయిగా ఉంటుంది, కొన్నాళ్లపాటు నొప్పి తగ్గుతుంది అన్న మాట చాలావరకు నిలబడుతుంది. ఎందుకు తగ్గుతుందో చెప్పే కథల్లో ఎక్కువ భాగం నిలబడవు.

ముందు స్వీడిష్ సంగతి. స్వీడన్‌లో దాన్ని క్లాసిక్ మసాజ్ అనే అంటారు. పేర్ హెన్రిక్ లింగ్ అనే కత్తిసాము గురువు 1813లో స్టాక్‌హోమ్‌లో వ్యాయామ విద్యాలయం పెట్టాడు. ఆయన పద్ధతిలో ఒకరి కీళ్లను మరొకరు కదిలించే వ్యాయామాలుండేవి. దేశం పేరు అలా అంటుకుంది. కానీ ఇవాళ మసాజ్ పాఠ్యపుస్తకం మొదటి అధ్యాయంలో కనిపించే ఎఫ్లరాజ్, పెట్రిసాజ్, టాపోట్‌మా వంటి ఫ్రెంచి పదాలు వాడుకలో పడటానికి పెద్ద కారణం లింగ్ కాదు, ఆమ్‌స్టర్‌డామ్ వైద్యుడు యోహాన్ మెజ్గర్. 1868లో ఆయన ఇచ్చిన సిద్ధాంత వ్యాసం చీలమండ బెణుకును రుద్ది నయం చేయడం గురించి. ఆయన రాసింది తక్కువ, శిష్యులు రాసి ప్రచారం చేసిందే ఎక్కువ. తర్వాత అమెరికాలోని బాటిల్ క్రీక్‌లో శానిటోరియం నడిపిన జాన్ హార్వే కెల్లాగ్, అవును, కార్న్‌ఫ్లేక్స్ కెల్లాగే, 1895లో మర్దన కళ మీద ఒక పెద్ద పుస్తకం తెచ్చాడు. మన ప్రకృతి చికిత్సాలయాల్లో తొట్టి స్నానాలు, మట్టి పట్టీలతో పాటు చేసే మర్దనలో ఇప్పటికీ కనిపించేది ఈ బాణీయే. ప్రయాణం ఒకవైపే సాగిందనుకోకూడదు. పట్నాలో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్ అంతకు ముందే ఇంగ్లండులోని బ్రైటన్‌లో ఆవిరి స్నానశాల తెరిచి, మన మాలీషును అక్కడి రాజు నాలుగో జార్జి దాకా తీసుకెళ్లాడు.

ఇక ఆ అయిదు పట్లు.

మొదటిది ఎఫ్లరాజ్. అరచేయి మొత్తం ఆనించి, నూనె మీద పొడుగ్గా నిమరడం. పాదం నుంచి తొడ వైపు, మణికట్టు నుంచి భుజం వైపు, అంటే గుండె వైపు. బరువు వేసేది ఆ దిశలోనే. తిరుగు దారిలో చెయ్యి ఊరికే తేలుతూ రావాలి. సిరల్లో రక్తం వెనక్కి జారకుండా కవాటాలు ఉంటాయి కనుక, వాటికి ఎదురుగా ఒత్తకూడదన్నది దీని వెనకున్న లెక్క. మర్దన మొదలయ్యేదీ ముగిసేదీ దీనితోనే. నూనె పరచడం పైకి కనిపించే పని. ఒంట్లో ఎక్కడ బిగుసుకుందో, ఎక్కడ వేడిగా ఉందో, ఎక్కడ తాకితే మనిషి ఊపిరి బిగబడుతున్నాడో చేతికి తెలిసేది ఈ దశలోనే. తొందరగా గీసుకుంటూ పోయేవారికి ఆ సమాచారం అందదు.

ఈ నెమ్మదికి ఇంకో కారణం కూడా దొరికింది. మన చర్మంలో, ముఖ్యంగా రోమాలున్న చోట, సి-టాక్టైల్ అనే సన్నని నాడీ తంతువులు ఉన్నాయి. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ పరిశోధకులు వీటి మీద చాలా పని చేశారు. సెకనుకు 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో, చర్మపు వేడికి దగ్గరగా ఉన్న చెయ్యి నిమిరినప్పుడు అవి బాగా స్పందిస్తాయి. మరీ వేగంగా రుద్దినా, చెయ్యి కదలకుండా ఆనించి ఉంచినా వాటి స్పందన తగ్గుతుంది. ఏడుస్తున్న పిల్లవాడి వీపు నిమిరే తల్లి చెయ్యి ఎవరూ చెప్పకుండానే దాదాపు ఆ వేగంలోనే సాగుతుంది.

రెండోది పెట్రిసాజ్. మనం ఒళ్లు పట్టడం, పిసకడం అంటాం. కండను ఎముక నుంచి కొంచెం పైకి లేపి, పట్టి, వదలడం. భుజం మీది ట్రపీజియస్, పిక్క, తొడ దీనికి అనువైన చోట్లు. రెండు చేతులతో ఎదురెదురు దిశల్లో తడిబట్ట పిండినట్టు మెలితిప్పడం ఇందులో ఒక రకం, వీపు చర్మాన్ని వేళ్ల మధ్య మడిచి దొర్లించడం ఇంకొకటి. కొత్తవాళ్లు చేసే తప్పు ఒకటే: అరచేతితో పట్టకుండా వేలికొసలతో పడతారు. అది గిల్లినట్టుంటుంది. చేసేవారి బొటనవేళ్లు కూడా త్వరగా పాడవుతాయి. ఈ వృత్తిలో బొటనవేలి కీలునొప్పి మామూలు సంగతి. అందుకే అనుభవం ఉన్నవాళ్లు మోచేతి కిందిభాగాన్ని, పిడికిలిని, తమ శరీర బరువును వాడతారు.

మూడోది ఫ్రిక్షన్, అంటే అదిమి రుద్దడం. పేరు విని చర్మం మీద గరగరా రుద్దడం అనుకుంటారు. అసలు పద్ధతి దానికి పూర్తిగా ఎదురు. వేలు చర్మం మీద జారకూడదు. వేలూ చర్మమూ కలిసి, కింద ఉన్న కండరం మీదో స్నాయువు మీదో కదలాలి. అందుకే దీనికి నూనె వాడరు. బ్రిటిష్ వైద్యుడు జేమ్స్ సిరియాక్స్ దీన్ని స్నాయువు పోగులకు అడ్డంగా, లోతుగా చేసే చికిత్సగా మలిచాడు. టెన్నిస్ ఎల్బో, మోకాలి పక్క నొప్పి వంటి వాటికి ఫిజియోథెరపీ గదుల్లో దశాబ్దాలుగా చేస్తున్నారు. 2014లో, వైద్య ప్రయోగాలను కలిపి తూచే కోక్రేన్ సంస్థ సమీక్షకులు దీని మీది ప్రయోగాలు వెతికితే చేతికి వచ్చినవి రెండు చిన్నవే. పని చేస్తుందనీ చెయ్యదనీ తేల్చడానికి అవి చాలలేదు. పాఠ్యపుస్తకంలో ఎంత ధీమాగా రాసి ఉన్నా దాని వెనక ఉన్న ఆధారం ఇంతే.

నాలుగోది టాపోట్‌మా, అంటే తట్టడం. అరచేతిని దొప్పలా చేసి, చేతి అంచుతో, వదులు పిడికిలితో, ఇలా రకరకాలు. మంగలి షాపులో తల మీద టపటప మోగించేది ఇదే. శబ్దం ఎక్కువ, పని తక్కువ అని నా అభిప్రాయం. ఒక్క చోట మాత్రం దీనికి స్పష్టమైన వైద్య ప్రయోజనం ఉంది. ఊపిరితిత్తుల్లో కఫం పేరుకున్న రోగిని తగిన భంగిమలో పడుకోబెట్టి, దొప్పచేత్తో ఛాతీ మీద తట్టి కఫం కదిలించడం. నడుముకు రెండు వైపులా మూత్రపిండాలున్న చోట, వెన్నుపూసల మీద తట్టకూడదు. అయిదోది వైబ్రేషన్, చేతిని ఆనించి సన్నగా వణికించడం. చేతితో ఎక్కువసేపు చెయ్యడం కష్టం. ఇప్పుడు ఆ పని మసాజ్ గన్లు చేస్తున్నాయి.

వీటికి రెండు చేర్చాలి. ఒక చోట కదలకుండా అదిమి ఉంచడం, కీలును చేత్తో పట్టి నెమ్మదిగా తిప్పడం. తూర్పు దేశాల పద్ధతులు ఎక్కువగా ఈ రెండింటి మీదే నడుస్తాయి. జపాన్ షియాట్సులో బొటనవేలితో, అరచేతితో వరుసగా బిందువుల మీద అదుముతారు. దానికి ముందున్న అన్మాను ఎడో యుగం నుంచీ చూపులేని వారు వృత్తిగా చేసేవారు, అక్కడ ఇప్పటికీ ఈ పనికి జాతీయ లైసెన్సు ఉంది. చైనా తుయినాలో తోయడం, పట్టడం, దొర్లించడం అన్నీ ఉన్నాయి. థాయ్ మర్దనలో నూనె ఉండదు, బట్టలు విప్పక్కర్లేదు, నేల మీద చాప పరిచి కాళ్లూ చేతులూ సాగదీస్తారు. బ్యాంకాక్‌లోని వాట్ ఫో ఆలయంలో థాయ్ రాజు మూడో రాముడి కాలంలో, అంటే 19వ శతాబ్దం మొదటి సగంలో, ఈ విద్యను రాళ్ల మీద బొమ్మలతో సహా చెక్కించారు. 2019లో యునెస్కో దీన్ని మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది.

మన దగ్గర లెక్క వేరుగా ఉంటుంది. ఆయుర్వేదంలో అభ్యంగానికి ప్రధానం కండరం కాదు, నూనె. చరకుడు, వాగ్భటుడు దాన్ని జబ్బుకు చికిత్సగా కాక దినచర్యలో పెట్టారు. తల, చెవులు, పాదాల మీద ప్రత్యేక శ్రద్ధ పెట్టమన్నారు. చేతి దిశలో కూడా యూరప్ బాణీకి తేడా ఉంది. వాళ్లు గుండె వైపు అంటే, ఇక్కడ రోమాలు వాలిన వైపు. పొడితో చేసే ఉద్వర్తనానికి మాత్రం రోమాలకు ఎదురుగా. మన నలుగు ఈ ఉద్వర్తనానికి ఇంటి రూపం. సున్నిపిండి నూనెను ఒలుస్తుంది, మురికిని లేపుతుంది, పెళ్లికూతురి ఇంట్లో పాటకూ నవ్వులకూ సందు ఇస్తుంది. కాళ్లు పట్టడాన్ని శాస్త్రం సంవాహనం అంటుంది, గట్టిగా చేసేదాన్ని మర్దనం అంటుంది. కేరళలో కళరి గురువులు పైన కట్టిన తాడు పట్టుకుని పాదాలతో చేసే చవిట్టి ఉళిచ్చిల్ ప్రసిద్ధి. తాడు లేకపోయినా, మన ఊళ్లలో పొలం నుంచి వచ్చిన తాత మనవణ్ణి వీపు మీద నడిపించుకుని ఒళ్లు తొక్కించుకునేవాడు. బరువు సరిగ్గా చూసుకునే ఏర్పాటే అది: పదేళ్ల పిల్లవాణ్ణి ఎక్కమంటాడు, పాతికేళ్లవాణ్ణి ఎక్కనివ్వడు.

వాగ్భటుడు అభ్యంగం ఎవరికి వద్దో కూడా రాశాడు. కఫం పెరిగినవారికి, అజీర్ణంతో ఉన్నవారికి, వమన విరేచనాల వంటి శోధన అప్పుడే అయినవారికి వద్దన్నాడు. ఆ సిద్ధాంతం ఒప్పుకున్నా మానినా, తాకకూడని మనిషిని గుర్తించడం ఈ విద్యలో భాగమన్న ఎరుక ఆ కాలానికే ఉంది. ఇవాళ్టి స్పా పట్టికల్లో లోపించింది సరిగ్గా అదే.

ఇక ఆధునిక పేర్లు. డీప్ టిష్యూ అనేది వేరే పట్టు కాదు. అవే పట్లను నెమ్మదిగా, ఎక్కువ బరువుతో లోపలి పొరల దాకా తీసుకెళ్లడం. గట్టిగా చేస్తేనే పని చేస్తుందన్న నమ్మకం మన దగ్గర బలంగా ఉంది, నొప్పికి కళ్లలో నీళ్లు తిరిగితేనే డబ్బులు గిట్టాయనుకునేవారున్నారు. నొప్పి పెరిగితే కండరం తనను తాను కాపాడుకోవడానికి ఇంకా బిగుసుకుంటుంది. ట్రిగ్గర్ పాయింట్ అన్న మాటకు ప్రచారం తెచ్చింది జానెట్ ట్రావెల్, జాన్ కెన్నెడీకి శ్వేతసౌధ వైద్యురాలు. కండరంలో బిగుసుకున్న గుబిక ఒకటి ఉంటుంది, దాన్ని నొక్కితే నొప్పి ఇంకెక్కడో పలుకుతుందన్నది ఆమె పరిశీలన. భుజం మీద నొక్కితే కణత నొప్పెట్టడం చాలామందికి అనుభవమే. చిక్కేమిటంటే, ఒకే మనిషిని ఇద్దరు నిపుణులు విడివిడిగా చూసి ఆ గుబికలను గుర్తించమంటే తరచూ ఒకే చోట వేలు పెట్టరు. మయోఫాషియల్ రిలీజ్ చేసేవారు కండరాల చుట్టూ ఉండే ఫాషియా అనే గట్టి పొరను చేత్తో సాగదీస్తామంటారు. తొడ పక్కన ఉండే మందమైన పొరను ఒక్క శాతం సాగదీయాలన్నా చేతులకు ఉండే బలం చాలదని 2008లో ఒక గణిత విశ్లేషణ లెక్కగట్టి చూపింది. హాయి నిజం కావచ్చు, సాగడం మాత్రం కాదు. రిఫ్లెక్సాలజీ అంగళ్లలో గోడకు వేలాడే పాదం బొమ్మ, అందులో కాలేయం ఇక్కడ, మూత్రపిండం అక్కడ అనే గుర్తులు, వీటికి శరీర నిర్మాణ శాస్త్రంలో ఆధారమే లేదు. పాదాలు పిసికించుకోవడం సుఖం, దానికి పటం అక్కర్లేదు.

డేనిష్ దంపతులు వోడర్లు 1930లలో రూపొందించిన లింఫ్ డ్రైనేజ్ మాత్రం వేరే కోవకు చెందుతుంది. ఈకతో తాకినంత తేలిక. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత చెయ్యి వాచినవారికి బిగుతు కట్లు, వ్యాయామాలతో కలిపి దీన్ని వాడతారు. బరువు పెంచితే ఇది చెడిపోతుంది.

మర్దనతో లాక్టిక్ ఆమ్లం బయటికి పోతుంది, విషాలు కరిగిపోతాయి అన్న మాట పూర్తిగా వదిలేయాలి. వ్యాయామం తర్వాత లాక్టేటు గంటా రెండు గంటల్లో దానంతటదే సర్దుకుంటుంది. మర్నాటి ఒళ్లు నొప్పులకు అది కారణం కాదు. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో 2012లో 11 మంది యువకులకు వ్యాయామం తర్వాత ఒక తొడకు మాత్రమే మర్దన చేసి, రెండు కాళ్ల కండరాల నుంచీ చిన్న ముక్కలు తీసి పోల్చారు. లాక్టేటులో తేడా లేదు. వాపుకు సంబంధించిన సంకేతాలు మాత్రం మర్దన చేసిన కాలిలో తగ్గాయి. చిన్న ప్రయోగమే, అయినా విషాల కథ కన్నా ఎంతో నయం. ఒత్తిడి హార్మోను కార్టిసాల్ బాగా పడిపోతుందన్న మాటా ఇంతే. అన్ని అధ్యయనాలూ కలిపి చూసినప్పుడు ఆ తగ్గుదల దాదాపు ఏమీ లేదని 2011లో తేలింది. మనసులోని ఆందోళన తగ్గడం మాత్రం కనిపిస్తూనే ఉంది. కారణం ఆ హార్మోను కాదు, అంతే.

నడుంనొప్పి మీద జరిగిన ఒక పెద్ద ప్రయోగాన్ని కాస్త వివరంగా చెప్పాలి. 2011లో అమెరికాలోని సియాటిల్ ప్రాంతంలో దీర్ఘకాలిక నడుంనొప్పి ఉన్న 401 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఎఫ్లరాజ్, పెట్రిసాజ్ వంటి సాధారణ విశ్రాంతి మర్దన. రెండో గుంపుకు కండరాలూ కీళ్లూ పరీక్షించి, ఫాషియా పద్ధతులతో చేసే నిపుణుల మర్దన. మూడో గుంపుకు మామూలు వైద్యం. వారానికొకటి చొప్పున పది వారాలు. మర్దన చేయించుకున్న రెండు గుంపులూ మామూలు వైద్యం కన్నా మెరుగుపడ్డాయి. ఆ రెంటి మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఏడాది గడిచేసరికి లాభం బాగా పలచబడింది. పట్టికలోని ఖరీదైన వరసకూ మామూలు వరసకూ ఉన్న ధర తేడాను నేను ఈ ప్రయోగం వెలుగులోనే చూస్తాను. 2015 కోక్రేన్ సమీక్ష 25 ప్రయోగాలు చదివి, నడుంనొప్పికి కొద్దికాలం ఉపశమనం ఉండొచ్చు గానీ ఆధారం నాసిరకమేనని తేల్చింది. మెడనొప్పి విషయంలో మోతాదును పరీక్షించిన 2014 అధ్యయనం మరింత పనికొచ్చే సంగతి చెప్పింది. అరగంట మర్దన ఏమీ చేయించుకోకపోవడం కన్నా పెద్దగా నయమనిపించలేదు. వారానికి రెండు మూడుసార్లు గంటసేపు చేస్తే మాత్రం అయిదు వారాలకు ఫలితం కనిపించింది. పేరు కన్నా నిమిషాలకే విలువ ఎక్కువన్నమాట.

నెలలు నిండని శిశువుల సంగతి ఇంకా ఆశాజనకం. 1986లో టిఫనీ ఫీల్డ్ బృందం అమెరికాలో 40 మంది శిశువుల మీద చేసిన ప్రయోగంలో, రోజుకు మూడుసార్లు పావుగంట చొప్పున పది రోజులు నిమిరి, కాళ్లూ చేతులూ కదిలించిన పిల్లలు మిగతావారికన్నా రోజుకు 47 శాతం ఎక్కువ బరువు పెరిగారు. ఆరు రోజులు ముందుగా ఇంటికెళ్లారు. తర్వాత తేలిందేమంటే, మరీ తేలిగ్గా తాకితే పిల్లలకు చక్కిలిగింతలాగా చిరాకు, ఓ మోస్తరు ఒత్తిడి ఉండాలి. మన అమ్మమ్మలు కాళ్లు చాచి కూర్చుని, పసిబిడ్డను కాళ్ల మీద బోర్లా వేసుకుని నూనె పట్టించే పద్ధతిలో ఆ ఒత్తిడి సహజంగా వస్తుంది. అదే అమ్మమ్మలు చేసే కొన్ని పనులు మాత్రం మానాలి: ముక్కు నిలబడాలని లాగడం, తల గుండ్రంగా రావాలని ఒత్తడం, చెవిలో ముక్కులో నూనె చుక్కలు వేయడం. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా రావచ్చు.

అపాయాల దగ్గర మెల్లగా నడవాలి. "నరం పట్టేసింది, కాస్త పట్టు" అని మనం అనేది ఎక్కువసార్లు కండరం గురించే, నరం గురించి కాదు. పిక్క నొప్పులన్నీ ఒక్కటి కావు. ఒక్క కాలే వాచి, వెచ్చగా, ఎర్రగా ఉంటే, అందులోనూ ఆపరేషనో ప్రసవమో అయ్యాకనో, కట్టు కట్టించుకుని పడుకున్నాకనో, అమెరికాలో పిల్లల దగ్గరికి ఇరవై గంటలు విమానంలో కూర్చుని వెళ్లాకనో అయితే, లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. దాన్ని పిసికితే గడ్డ ఊడి ఊపిరితిత్తులకు చేరవచ్చు. చీలమండ దెబ్బకు కట్టు కట్టించుకున్న ఓ యువకుడికి, కట్టు విప్పాక కాలు నొప్పెడుతోందని తల్లి నూనెతో మర్దన చేసిందనీ, అతను కుప్పకూలి చనిపోయాడనీ ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు నమోదు చేశారు. ఆ కాలిని ముందు డాక్టరు చూడాలి, స్కానింగు తీయాలి.

మెడ ఇంకో చోటు. క్షవరం అయ్యాక తల పట్టుకుని రెండు వైపులా టక్కున విరవడం మన సెలూన్లలో ఉచిత సేవ. మెదడుకు వెళ్లే రక్తనాళాల్లో కొన్ని మెడ ఎముకల రంధ్రాల గుండా పైకి పోతాయి. అకస్మాత్తుగా తిప్పితే వాటి లోపలి పొర చిరగవచ్చు, దానివల్ల పక్షవాతం రావచ్చు. మెడను వెనక్కి వంచి తల కడిగేటప్పుడు కూడా ఇలా జరగవచ్చని 1993లోనే వైద్య పత్రికల్లో వచ్చింది. 2022లో హైదరాబాద్‌లో ఒక మహిళకు పార్లర్లో తల కడిగించుకుంటుండగా పక్షవాతం వచ్చిందన్న వార్త చాలామంది చదివే ఉంటారు. అరుదే, కానీ ఉచితంగా వచ్చినా వద్దనదగ్గ సేవ.

మధుమేహంతో పాదాల స్పర్శ తగ్గినవారు ఎంత ఒత్తుతున్నారో చెప్పలేరు, వేడి రాళ్లు వారికి అసలే పనికిరావు. రక్తం పలచబడే మందులు వాడేవారికి గట్టి మర్దనతో లోపల రక్తస్రావం కావచ్చు. జ్వరం, చర్మం మీద పుండ్లు, ఇటీవలి ఎముక విరుపు ఉన్నప్పుడు వాయిదా వేసుకోవాలి. బెణుకో విరుపో తేలకముందే చీలమండ లాగించుకోవడం మన ఊళ్లలో పాత అలవాటు. ముందు ఎక్స్‌రే, తర్వాతే చెయ్యి. గర్భిణులకు పక్కకు ఒత్తిగిలి పడుకోబెట్టి తేలిగ్గా చేయవచ్చు, పొట్ట జోలికి పోకూడదు. క్యాన్సర్ ఉన్నవారికి మర్దనే వద్దన్న పాత నిషేధం ఇప్పుడు సడలింది. కణితి ఉన్న చోటు వదిలి, డాక్టరును అడిగి, తేలిక చేత్తో చేస్తున్నారు.

కెనడాలోని ఒంటారియోలో మర్దన చికిత్సకులకు 1991లో చేసిన ప్రత్యేక చట్టం, రిజిస్ట్రేషన్ ఉన్నాయి. టొరంటోలో ఉద్యోగం చేసే మనవాళ్లలో చాలామందికి ఆర్.ఎం.టి. (రిజిస్టర్డ్ మసాజ్ థెరపిస్ట్) అన్న మూడక్షరాలు కంపెనీ బీమా కాగితాల్లోనే పరిచయం. మన దేశంలో అలాంటి ప్రత్యేక లైసెన్సు లేదు. మూడు నెలల సర్టిఫికెట్టు చేసినవారూ, ఆయుర్వేద ఆసుపత్రిలో ఏళ్ల తరబడి పంచకర్మ చేసినవారూ పక్కపక్కనే పనిచేస్తుంటారు. కనుక పరీక్షించుకునే పని మనదే. మంచి చికిత్సకులు నూనె గిన్నె తీయకముందు ఏం మందులు వాడుతున్నారు, ఈమధ్య ఆపరేషన్లేమైనా అయ్యాయా, ఎక్కడ దెబ్బ తగిలింది అని అడుగుతారు. చేస్తున్న భాగం తప్ప మిగతా ఒళ్లంతా దుప్పటి కప్పి ఉంచుతారు. ఒత్తిడి పదికి ఎంత అని మధ్యలో అడుగుతారు. ఏడు దాటితే చెప్పండి, వెంటనే తగ్గించాలి. తగ్గించకపోతే లేచి రావచ్చు.